గాలి విసురుల్లో శిక్షణ విమానం ల్యాండింగ్ ప్రమాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

శిక్షణ విమానం దిగుతూ రన్‌వే పక్కకు పోయిందనో, ముందు చక్రం విరిగి ముక్కు మీద పడిందనో పేపర్లో ఆరేడు లైన్ల వార్త వస్తుంది. "బలమైన ఈదురుగాలుల కారణంగా" అన్న ముక్క అందులో ఖాయంగా ఉంటుంది. మర్నాటి నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. పైలట్ కోర్సులో ఉన్న పిల్లలు కొందరు, వాళ్ల అమ్మానాన్నలు కొందరు. కుడి సీట్లో కూర్చుని ఏళ్ల తరబడి ల్యాండింగులు నేర్పాను. ఒకసారి నేనే అలాంటి ప్రమాదంలో ఉన్నాను. అందుకే పదేపదే అడిగేవాటికి జవాబులు ఒకచోట పెడుతున్నాను. అంకెలు ఎక్కువగా సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం మీద చెప్పాను. మన దగ్గరైనా అమెరికాలో అయినా చాలామంది మొదట ఎక్కేది దాన్నో, దాని చిన్న తమ్ముడు 152నో.

అసలు ఇలాంటి ప్రమాదం ఎలా జరుగుతుంది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

నాదే చెబుతాను. ఊరి పేరు, క్లబ్ పేరు అనవసరం.

జూన్ నెల, సాయంత్రం నాలుగు దాటింది. ట్రైనీకి అప్పటికి 30 గంటలు పైబడ్డాయి, సోలో (ఒంటరిగా ఎగరడం) అయిపోయింది. ఆ రోజు నాతో సర్క్యూట్లు (లేచి, రన్‌వే చుట్టూ తిరిగి, మళ్లీ దిగడం) తిరుగుతున్నాడు. గాలి ఎడమ ముందు నుంచి 12 నాట్లు (నాటు అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు), విసురుగా వస్తే 22. మొదటి రెండు ల్యాండింగులు బాగానే చేశాడు. నిజం చెప్పాలంటే అక్కడే నాకు ధీమా వచ్చేసింది.

మూడోది. ముక్కు ఎత్తి తేలుస్తుండగా ఒక విసురు తగిలి విమానం అంతెత్తు లేచింది. వెంటనే గాలి ఆగిపోయింది. కాళ్ల కింద నేల లాగేసినట్టు దిగి, వెనక చక్రాల మీద గట్టిగా తగిలి, బంతిలా ఎగిరింది. గాల్లో ముక్కు పైకి చూసేసరికి అతను యోక్‌ను (విమానం స్టీరింగును) ముందుకు తోశాడు. ఈసారి ముందు చక్రం ముందు తగిలింది. రెండో గెంతు మొదటిదానికంటే ఎత్తుకు పోయింది. "ఐ హావ్ కంట్రోల్" అని నేను అన్నది అప్పుడు. చెయ్యి వేసేలోపు మూడోసారి తగలడం, ముందు కాలు మడతపడటం, ప్రొపెల్లర్ తారును గీరడం అన్నీ అయిపోయాయి. ఎడమ పక్క గడ్డిలోకి జారి ఆగాం. ఇద్దరికీ గీత కూడా పడలేదు. మొదటి తాకిడి నుంచి ఆగేదాకా పది సెకన్లు కూడా ఉండదు.

ఇప్పుడు చెప్పండి, ఇది గాలి వల్ల జరిగిందా? మొదటి గెంతు గాలి పని. ఆ తర్వాతవి మా ఇద్దరి పని. ఎక్కువ పాలు నాదే.

గాలి బలంగా వీయడం, విసురుగా వీయడం ఒకటి కాదా?

కాదు. 20 నాట్ల గాలి నిలకడగా రన్‌వేకి సూటిగా ఎదురొస్తుంటే అది మనకు వరం. నేల మీద వేగం తగ్గుతుంది, కొంచెం దూరంలోనే ఆగిపోతాం. ఇబ్బంది పెట్టేది తెరలు తెరలుగా వచ్చే గాలి.

విమానానికి తెలిసేది రెక్క మీదుగా పారే గాలి వేగం ఒక్కటే. 65 నాట్లతో వస్తుండగా ఎదురుగాలి ఒక్కసారిగా 12 నాట్లు పడిపోయిందనుకోండి, రెక్కకు మిగిలేది 53. విమానం బరువుకు వేగం పుంజుకోవడానికి టైమ్ పడుతుంది, గాలి మాత్రం ఆ టైమ్ ఇవ్వదు. 172లో ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) పూర్తిగా దించితే స్టాల్, అంటే రెక్క ఇక విమానాన్ని మోయలేకపోవడం, దాదాపు 40 నాట్ల దగ్గర, అసలు దించకపోతే 48 దగ్గర. 53 అంటే ఇంకా ఎగురుతూనే ఉంటుంది కానీ చేతిలో మిగులు లేదు. అది 500 అడుగుల ఎత్తులో జరిగితే ఒక కుదుపు, అంతే. 10 అడుగుల్లో జరిగితే నేలే సమాధానం చెబుతుంది.

వాతావరణ రిపోర్టులో విసురును ఎలా గుర్తుపట్టాలి?

మెటార్‌లో (విమానాశ్రయ వాతావరణ రిపోర్టులో) గాలి "24016జి28కేటీ" అని ఉంటే: 240 డిగ్రీల దిక్కు నుంచి సగటున 16 నాట్లు, విసురులు 28 దాకా. ఆ "జి"యే విసురు. సగటు కంటే 10 నాట్లు లేదా అంతకు మించి పెరిగితేనే అది రిపోర్టులోకి ఎక్కుతుంది. కాబట్టి "జి" లేదంటే విసురే లేదని కాదు, 8 నాట్ల విసురు కాగితం మీద కనిపించదు, ఫ్లేర్‌లో (తాకే ముందు ముక్కు ఎత్తి తేల్చేటప్పుడు) బాగానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. మెటార్‌లోది గత 10 నిమిషాల సగటు, టవర్ వాళ్లు దిగేటప్పుడు చెప్పేది 2 నిమిషాల సగటు. రెండూ అయిపోయిన గాలి కబుర్లే. చివరి మైలులో విండ్‌సాక్ (గాలి దిక్కూ బలమూ చూపే గుడ్డ గొట్టం) మీద ఒక కన్ను వేయమనేది అందుకే. మామూలు విండ్‌సాక్ 15 నాట్లకు పూర్తిగా అడ్డంగా చాచుకుంటుంది. అది ఒకసారి చాచుకుని, ఒకసారి వేలాడి, మళ్లీ చాచుకుంటుంటే రిపోర్టు చదవక్కర్లేదు.

పక్కగాలి ఎంతో మనసులో లెక్క కట్టడం ఎలా?

హైదరాబాద్ లెక్కే తీసుకుందాం. బేగంపేట రన్‌వే 09/27, అంటే ఒక వైపు 90, రెండో వైపు 270 డిగ్రీల దిక్కుకు ఉంటుంది. పైన చెప్పిన 240 గాలిలో 27 మీద దిగుతున్నాం. తేడా 30 డిగ్రీలు. 30 డిగ్రీలకు పక్కగాలి సగం, 45కి పదింట ఏడు వంతులు, 60కి పదింట తొమ్మిది, ఆపైన మొత్తం. కాబట్టి 16లో సగం 8 నాట్లు, విసురులో 28లో సగం 14.

ఎప్పుడూ విసురు అంకెతోనే లెక్క వేయండి. 8 చూసి "ఫర్వాలేదు" అనుకుని వెళ్లిన పిల్లలను చూశాను. తాకే క్షణంలో ఎదురయ్యేది 8 అవుతుందో 14 అవుతుందో మన చేతిలో లేదు.

172కి పక్కగాలి హద్దు 15 నాట్లు అని మాన్యువల్లో ఉంది. 14 అయితే దిగొచ్చు కదా?

అది హద్దు కాదు, చేసి చూపించిన అంకె. ధ్రువీకరణ సమయంలో కంపెనీ టెస్ట్ పైలట్ అంత పక్కగాలిలో దించి చూపించాడని అర్థం. 172కి 15, 152కి 12, డైమండ్ డీఏ40కి 20. అంతకు మించితే విమానం దిగదని కాదు. అంతలోపు ఉంటే మీరు దించగలరనీ కాదు. టెస్ట్ పైలట్ అనుభవం ఆ పేజీలో రాసి ఉండదు మరి.

పై లెక్కలో 14 వచ్చింది చూడండి, అది 172 అంకెకు ఒక్క నాటు లోపల, 152 అంకెకు 2 నాట్లు బయట. ఒకే మధ్యాహ్నం, ఒకే రన్‌వే.

విసురు ఉన్నప్పుడు అప్రోచ్ (దిగడానికి వచ్చే) వేగం ఎంత పెంచాలి?

విసురుకూ సగటుకూ ఉన్న తేడాలో సగం. 28 నుంచి 16 తీసేస్తే 12, అందులో సగం 6. మామూలుగా 65తో వస్తే ఈరోజు 71. అంతే.

"భద్రంగా ఉంటుంది సార్" అని 80తో వచ్చేవాళ్లు ఉంటారు. 65 నుంచి 71కి పెంచితేనే విమానంలో ఉన్న శక్తి దాదాపు 20 శాతం పెరుగుతుంది, 80కి అయితే 50 శాతం పైన. ఆ శక్తి ఎక్కడికీ పోదు. రన్‌వే మీద అడుగెత్తులో తేలుతూ తేలుతూ పోతుంటారు. తేలినంత సేపూ తర్వాతి విసురుకు దొరుకుతూ ఉంటారు. విసుగొచ్చి ముక్కు నొక్కి బలవంతంగా ఆనిస్తే ముందు చక్రం ముందు తగులుతుంది. సగానికి సగం గెంతుడు కథలు ఇలా ఎక్కువ వేగంతోనే మొదలవుతాయని నా అనుభవం.

ఫ్లాప్స్ పూర్తిగా దించాలా?

పక్కగాలి గట్టిగా ఉంటే, రన్‌వే పొడవుకు ఎంత తక్కువ సరిపోతే అంత తక్కువ. సెస్నా మాన్యువల్ చెప్పేదీ అదే.

క్రాబ్ మంచిదా, రెక్క వాల్చి దిగడం మంచిదా?

దీని మీద క్లబ్ క్యాంటీన్లలో జరిగే వాదనలకు అంతు లేదు. క్రాబ్ అంటే ముక్కును గాలివైపు తిప్పి, పీతలా ఓరగా రన్‌వే గీత వెంట రావడం. రెక్క వాల్చడం అంటే గాలివైపు రెక్కను కొంచెం దించి, ఎదుటి రడ్డర్ (తోక చుక్కాని పెడల్) నొక్కి, ముక్కును గీతకు సూటిగా ఉంచడం. చిన్న విమానాల్లో మామూలుగా క్రాబ్‌తో వచ్చి చివర్లో రెక్క వాల్పులోకి మారతాం. గాలివైపు వెనక చక్రం ముందు ఆనుతుంది, తర్వాత రెండోది, ఆఖర్న ముక్కు.

కొత్తవాళ్లకు నేను కొంచెం ముందే, 200 అడుగుల దగ్గరే మార్చేయమంటాను. కారణం ఒకటే: రడ్డర్ పూర్తిగా తొక్కినా ముక్కు గీత మీద నిలవకపోతే, ఆ రోజు గాలి మీ విమానానికి ఎక్కువని అక్కడే తెలిసిపోతుంది. 10 అడుగుల్లో తెలిసేకంటే నయం కదా. ఓరగా ఉండగానే చక్రాలు ఆనితే మాత్రం కాళ్ల మీద పక్క నుంచి బరువు పడుతుంది, విమానం ఒక్క గుంజు గుంజుతుంది.

విమానం గెంతుతుంది ఎందుకు? గెంతితే ఏం చేయాలి?

172 వెనక కాళ్లు స్ప్రింగ్ స్టీలువి. లారీ కమాను కట్టల్లా వంగి మళ్లీ సాగుతాయి. గట్టిగా కొడితే తీసుకున్న దెబ్బను తిరిగి ఇచ్చేస్తాయి. దానికి తోడు ఆ క్షణాన విసురు తగిలితే రెక్క కూడా ఓ చెయ్యి వేస్తుంది.

చిన్న గెంతు అయితే ముక్కును ల్యాండింగ్ భంగిమలో అలాగే పట్టుకుని, కాస్త పవర్ ఇచ్చి, మెల్లగా మళ్లీ ఆనిస్తే సరిపోతుంది. పెద్దదైతే, లేదా చిన్నదో పెద్దదో తెలియకపోతే, ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ పైకి వెళ్లిపోవడమే. దీన్నే గో-అరౌండ్ అంటారు.

చేయకూడనిది ముక్కు తోయడం. కానీ ఒళ్లు అదే చేయమంటుంది. గాల్లోకి లేచామని కళ్లు చెబుతాయి, కిందికి పోవాలని చెయ్యి నిర్ణయించేస్తుంది. యోక్ కదిలించాక విమానం స్పందించడానికి కొంచెం సమయం పడుతుంది. ఆ ఆలస్యం వల్ల మన దిద్దుబాటు ప్రతిసారీ తప్పు క్షణంలో దిగుతుంది. ముక్కు పైకి లేస్తుంటే మనం ఇంకా లాగుతుంటాం, పడుతుంటే తోస్తుంటాం. ఊయలను పడుతున్న వైపే తోసినట్టు ప్రతి గెంతూ పెద్దదవుతుంది. దీన్ని పార్పాయిజింగ్ అంటారు. మూడో నాలుగో తాకిడికి ముందు కాలు మిగలదు.

దెబ్బ ఎప్పుడూ ముందు చక్రానికే ఎందుకు?

వెనక కాళ్లు దెబ్బలు తినడానికి పుట్టాయి. ముందు కాలు నేల మీద దారి చూపడానికి, ఆగేటప్పుడు కొంత బరువు మోయడానికి. 172లో అది ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్ అనే రేకు గోడకు బిగించి ఉంటుంది. కాలు విరగకపోయినా ఆ గోడ ముడత పడొచ్చు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. గట్టిగా దిగిన ప్రతిసారీ టెక్నికల్ లాగ్‌లో రాయమనేది ఇందుకే. సిగ్గుపడి రాయకపోతే మీ తర్వాత ఎక్కే పిల్లాడు దాని మీద దిగుతాడు.

పాతకాలం తోక చక్రం విమానాల్లో బాధ వేరుగా ఉండేది. మన క్లబ్బుల్లో ఒకప్పుడు తిరిగిన హెచ్‌ఏఎల్ పుష్పక్‌లు ఆ రకం. పక్కగాలిలో దిగాక కొంచెం ఏమరితే గిర్రున వెనక్కి తిరిగేవి. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. పుష్పక్ మీద నేర్చుకున్న పెద్దల కాళ్లు రడ్డర్ మీద ఎప్పుడూ ఊరుకోవు, ఇప్పటికీ.

గో-అరౌండ్ అంత సులువైతే ఎందుకు చేయరు?

దీనికి సాంకేతిక జవాబు లేదు. దిగడానికి వచ్చాం కాబట్టి దిగాలి అన్న పట్టుదల ఒకటి ఉంటుంది. వెనక సర్క్యూట్లో ఇంకో విమానం ఉంది, టవర్ వాళ్లు వింటున్నారు, హ్యాంగర్ ముందు బ్యాచ్‌మేట్లు చూస్తున్నారు. మళ్లీ చుట్టు తిరిగితే "దించలేకపోయాడు" అనుకుంటారేమో. గంటకు వేలల్లో కడుతున్న ఇంట్లోవాళ్లు గుర్తొస్తారు. ఇంకో పది నిమిషాలు ఎగిరితే ఎంతవుతుందో ప్రతి ట్రైనీకీ నోటికి వచ్చు.

మా తప్పూ ఉంది. మనం గో-అరౌండ్‌ను తప్పు చేసినవాడికి వేసే శిక్షలా నేర్పుతాం. "సరిగ్గా రాలేదు, గో-అరౌండ్!" అని అరుస్తాం. దాంతో అది ఓటమి అయి కూర్చుంటుంది. ఆ ప్రమాదం తర్వాత నేను పద్ధతి మార్చాను. విసురు ఉన్న రోజు మొదటి అప్రోచ్ ఎంత బాగా వచ్చినా దిగనివ్వను. 20 అడుగుల దాకా వచ్చి వెళ్లిపోవాల్సిందే. రెండోసారి నుంచి దిగొచ్చు. గాలి ఎలా ఉందో తెలుస్తుంది, చేతికి థ్రాటిల్ (పవర్ పెంచే మీట) దారి కూడా గుర్తుంటుంది.

ఇంకొక్కటి. చక్రాలు ఆనాక కూడా, ముందు రన్‌వే మిగిలి ఉండి విమానం అదుపులో ఉంటే, గో-అరౌండ్ చేయొచ్చు. చాలామంది చక్రం తగలగానే ఆ తలుపు మూసుకుపోయిందనుకుంటారు.

గో-అరౌండ్‌లోనే ప్రమాదాలు జరుగుతాయని విన్నాను?

జరుగుతాయి. అప్రోచ్‌కు ట్రిమ్ (యోక్ పట్టుకునే బరువు తగ్గించే సర్దుబాటు) పెట్టి ఉంటుంది కాబట్టి ఫుల్ పవర్ ఇవ్వగానే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది, ఎడమకు లాగుతుంది. యోక్ ముందుకు గట్టిగా పట్టాలి, కుడి రడ్డర్ తొక్కాలి. ఫ్లాప్స్ ఒకేసారి పూర్తిగా ఎత్తేయకూడదు. 172లో ముందు 20 డిగ్రీలకు తెచ్చి, వేగం పుంజుకున్నాక మిగతావి అంచెలంచెలుగా.

మన ఎండల్లో దీనికి ఇంకో చిక్కు. బేగంపేట సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తు. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 5 వేల అడుగుల ఎత్తులోని గాలంత పలచగా ఉంటుంది. ఇంజిన్ లాగదు, రెక్క ఎత్తదు, ఎక్కడం నత్తనడక. జనవరి ఉదయం గో-అరౌండ్ నేర్చుకున్న పిల్లాడు మే మధ్యాహ్నం అదే ఆశిస్తే కంగారు పడి ముక్కు ఇంకా ఎత్తుతాడు. పలచని గాలిలో మీటర్ మీద అదే 65 చూపిస్తున్నా నేల మీద ఇంకా వేగంగా పోతుంటామని కూడా గుర్తుండాలి.

పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉండి కూడా ఎందుకు ఆపలేకపోతారు?

అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడగాల్సిందే.

ప్రతి చిన్న తప్పుకూ చెయ్యి వేస్తే పిల్లాడు ఎప్పటికీ దించడం నేర్చుకోడు. తప్పు చేయనిచ్చి, దాన్ని తనే సరిదిద్దుకునేదాకా ఆగడమే మా పని. ఎంతసేపు ఆగాలన్నదే అసలు విద్య. గాలి నిలకడగా ఉన్న రోజు రెండు సెకన్లు ఆగొచ్చు. విసురు రోజున ఆ రెండు సెకన్లు మనవి కావు. నేను ఆ సాయంత్రం మామూలు రోజు లెక్కలో ఆగాను. అంతకుముందు రెండు ల్యాండింగులు బాగా దించాడు కాబట్టి "ఇదీ సర్దుకుంటాడు" అనుకున్నాను.

చెయ్యి వేశాక కూడా ఒక సమస్య ఉంటుంది. భయపడిన మనిషి యోక్‌ను వదలడు. బిగుసుకుపోతాడు. ఇద్దరం చెరోవైపు లాగితే విమానం ఎవరి మాటా వినదు. అందుకే "ఐ హావ్ కంట్రోల్" అంటే "యూ హావ్ కంట్రోల్" అని బదులిస్తూ చేతులు ఒళ్లో పెట్టుకోవడం నేల మీదే పదిసార్లు చేయించాలి. ఇప్పుడు నా షరతు ఇది: విసురు రోజున మొదటి గెంతుకే విమానం నాది. బ్రీఫింగ్‌లోనే చెప్పేస్తాను కాబట్టి ఎవరికీ చిన్నతనం ఉండదు.

చక్రాలు ఆనాక ఇక భయం లేనట్టేనా?

అప్పుడే సగం పని అయింది. వేగం తగ్గేకొద్దీ రడ్డర్, ఏలరాన్ల (యోక్ తిప్పితే కదిలే రెక్క చివరి పలకల) పట్టు తగ్గుతుంది, గాలి మాత్రం తగ్గదు. తోక నిలువు రెక్క గాలికోడిలా పనిచేసి ముక్కును గాలివైపు తిప్పుతుంది. 172 రెక్క పైన ఉంటుంది, కాళ్ల మధ్య దూరం ఎక్కువ కాదు. విసురు కింద నుంచి దూరితే గాలివైపు రెక్క లేస్తుంది. అందుకని ఆనిన దగ్గర్నుంచి యోక్‌ను గాలివైపు క్రమంగా తిప్పుకుంటూ పోవాలి, ఆగేసరికి అది పూర్తిగా అటు తిరిగి ఉండాలి. చాలామంది "హమ్మయ్య" అని చక్రాలు ఆనగానే యోక్ వదిలేస్తారు.

టాక్సీలోనూ (నేల మీద విమానాన్ని నడిపేటప్పుడు) అంతే. గాలి ముందు పక్క నుంచి వస్తే యోక్ గాలివైపు, వెనక పక్క నుంచి వస్తే గాలికి ఎదుటివైపు, ముందుకు నొక్కి.

తెలుగు రాష్ట్రాల్లో ఏ కాలంలో ఎక్కువ జాగ్రత్త పడాలి?

రెండు కాలాలు, రెండు రకాలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో క్యుములోనింబస్ మేఘాలు కడతాయి. ఉరుము ఇంకా దూరంగానే ఉంటుంది, చినుకు పడదు, కానీ మేఘం నుంచి కిందికి దిగిన చల్లగాలి నేల మీద పరుచుకుంటూ చాలా ముందే వచ్చేస్తుంది. ఎండలో నిలబడి ఉండగా ఒక్కసారి చల్లగా తగిలి, దుమ్ము లేచి, గాలి దిక్కు మారిందంటే అదే. అప్పుడు సర్క్యూట్లో ఉంటే దిగాలని పోటీ పడకండి.

జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి. తెలంగాణ పీఠభూమి మీద అది పగలంతా వీస్తుంది. పడమటి వైపు నుంచి వస్తుంది కాబట్టి 27 రన్‌వేకి చాలావరకు ఎదురుగాలే, అదొక అదృష్టం. అనంతపురం, కర్నూలు వైపు గుట్టల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. కోస్తాలో మధ్యాహ్నం సముద్రగాలి తగులుకుంటుంది.

ఏ కాలమైనా తెల్లవారి గాలి నెమ్మదిగా ఉంటుంది, ఎండెక్కి నేల వేడెక్కాకే పైగాలి కిందికి కలిసి విసురు మొదలవుతుంది. పిల్లలను చీకటితో లేపేది అందుకే. నిద్ర చెడుతోందని ఫిర్యాదు చేసే తల్లులకు ఇదే నా జవాబు.

అయితే గాలి ఉన్న రోజులు పూర్తిగా మానేస్తే?

కమర్షియల్ లైసెన్స్‌కు కావాల్సిన 200 గంటలూ ప్రశాంతమైన ఉదయాల్లోనే ఎగిరినవాళ్లు ఉన్నారు. కాగితం మీద వాళ్లకు లోటేమీ లేదు. మొదటిసారి వేరే ఊళ్లో, ఒంటరిగా, 20 నాట్ల విసురు ఎదురైతే తెలుస్తుంది. సోలోకి హద్దులు గట్టిగానే ఉండాలి, ప్రతి శిక్షణ సంస్థా తన హద్దులు రాసి పెట్టుకుంటుంది. ఇన్‌స్ట్రక్టర్‌తో మాత్రం గాలి రోజుల్లోనే ఎగరాలి. అడిగి మరీ ఎగరండి.

మా అమ్మాయి అమెరికాలో నేర్చుకుంటోంది. అక్కడ తేడా ఏమిటి?

విమానం అదే, గాలి ఇంకా ఎక్కువ. టెక్సస్‌లో వసంతకాలం గాలులు మన నైరుతిని తలదన్నుతాయి. అక్కడ స్టూడెంట్ సోలోకు ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో సంతకం చేయాలి. ఇంత గాలి దాటితే వెళ్లకూడదని అందులోనే షరతు రాయొచ్చు. ఆ సంతకం 90 రోజులే చెల్లుతుంది. మీ అమ్మాయిని ఆ అంకె ఎంతో అడగండి. టక్కున చెప్పగలిగితే మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

ప్రమాదం జరిగిన వెంటనే ఏం చేయాలి?

ఆగగానే మిక్చర్ (ఇంజిన్‌కు ఇంధనం పాలు మార్చే మీట) లాగేయడం, ఫ్యూయల్ కట్ చేయడం, మ్యాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి), మాస్టర్ (కరెంటు స్విచ్) ఆఫ్ చేయడం, బయటికి దిగి దూరంగా వెళ్లడం. 172లో పెట్రోలు రెక్కల్లో, అంటే మన తల మీద ఉంటుంది. ఫోన్, హెడ్‌సెట్, లాగ్‌బుక్ కోసం వెనక్కి వెళ్లొద్దు. నవ్వకండి, మా వాడు హెడ్‌సెట్ కోసం తిరిగాడు.

మనుషులను కాపాడటానికి తప్ప విమానాన్ని కదపకూడదు. ఆ రాత్రే, వివరాలు చెరిగిపోకముందే, గుర్తున్నది గుర్తున్నట్టు రాసి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టొద్దు.

విచారణ ఎవరు చేస్తారు? లైసెన్స్ పోతుందా?

మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీకి సమాచారం వెళుతుంది. ఏఏఐబీ 2012లో విడిగా ఏర్పడింది. అమెరికాలో దర్యాప్తు చేసేది ఎన్‌టీఎస్‌బీ. ప్రొపెల్లర్, రెక్కల చివర్లు, టైర్లు, బ్రేకుల వరకే దెబ్బ పరిమితమైతే అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం అది యాక్సిడెంట్ కిందికి రాకపోవచ్చు. ఫైర్‌వాల్ లాంటి నిర్మాణ భాగం దెబ్బతిని పెద్ద రిపేరు అవసరమైతే వస్తుంది.

దర్యాప్తు ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటం, తప్పు ఎవరి మీదో మోపడం కాదు. అంతర్జాతీయ నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. లైసెన్స్ మీద చర్య అన్నది నియంత్రణ సంస్థ విడిగా చూసే సంగతి. గాలిలో గెంతినందుకు ట్రైనీ జీవితం అయిపోదు. అదనపు శిక్షణ, ఒక చెక్ రైడ్ (ఎగిరి చూపించే పరీక్ష) మామూలు. దాచితే, రాతలు మార్చితే మాత్రం సంగతి వేరు.

ప్రొపెల్లర్ వంగితే కొత్తది వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటే ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్ దాకా వెళుతుంది. ఇంజిన్ విప్పి లోపల చూడాల్సిందే. ఒక్క గెంతు ఖర్చు అక్కడ తెలుస్తుంది.

ప్రాణాపాయం ఎంత?

చిన్న విమానాల ప్రమాదాల్లో ల్యాండింగ్‌లో జరిగేవే ఎక్కువ, ప్రాణాలు పోయేవి మాత్రం వాటిలో చాలా తక్కువ. వేగం 50 నాట్లకు అటూ ఇటూ, అంటే గంటకు 90 కిలోమీటర్లు. విమానం నేలకు సమాంతరంగా ఉంటుంది. భుజం బెల్టు బిగించి ఉంటే చాలావరకు రేకులకే నష్టం. ప్రాణాలు తీసేది దాని ముందు జరిగే తప్పు: తక్కువ ఎత్తులో ఫైనల్‌కు (రన్‌వేకి సూటిగా వచ్చే ఆఖరి దారికి) తిరుగుతూ వేగం పోగొట్టుకుని స్టాల్ కావడం. గాలి విమానాన్ని రన్‌వే గీత దాటించేస్తే కొందరు మలుపు బిగిస్తారు. అక్కడ కూడా చేయాల్సింది వదిలేసి చుట్టు తిరిగి రావడమే.

మీ ట్రైనీ ఏమయ్యాడు?

మూడు వారాలు హ్యాంగర్ వైపు రాలేదు. తర్వాత వచ్చి, నాతోనే ఎగురుతానన్నాడు. మొదటి రోజు ల్యాండింగులేవీ చేయలేదు, తొమ్మిది గో-అరౌండ్లు చేశాం. ఆఖర్న నేనే దించాను. పదో సారి తను దించుతానని అడిగాడు, గాలి 18 దాటింది కాబట్టి వద్దన్నాను. ఇప్పుడు ఎయిర్‌బస్‌లో కో-పైలట్. జూన్ వస్తే అప్పుడప్పుడు మెసేజ్ పెడతాడు, "సార్, ఈరోజు అక్కడ గాలి ఎంత?" అని.